శబ్దం విని వేసిన బాణం

గురక పెట్టేవాడికి భగవంతుడిచ్చిన వరం ఒకటుంది. తన గురక తనకి వినపడదు. ఆ బాధేదో పక్కవాళ్ళు పడతారు. అంచేత గురక పెట్టేవాడే గురక మీద వ్యాసం రాయడమంటే, కాశీ వెళ్ళనివాడు కాశీయాత్ర రాసినట్టు వుంటుంది. అయినా రాయక తప్పడం లేదు. నిద్ర విషయంలో నాకో ధర్మసందేహం పట్టుకుంది. డాక్టర్లు జబ్బుకి మార్గం చెప్పారుగాని సందేహానికి చెప్పలేదు.

ముందు నా సంగతి చెప్పాలి. నేను అమీర్‌పేటలో పిల్లలకి కంప్యూటర్ మీద అకౌంట్లు రాయడం నేర్పుతాను. మైత్రీవనం చుట్టుపక్కల ఒక్కసారైనా తిరిగినవారికి ఆ ప్రాంతం గురించి వేరే చెప్పక్కర్లేదు. అక్కడ గోడలు కనిపించవు, బోర్డులే కనిపిస్తాయి. జిల్లాల నుంచి వచ్చిన కుర్రాళ్ళు హాస్టల్లో పప్పుచారు తిని, జిరాక్సు నోట్సులు చంకన పెట్టుకుని అక్కణ్ణించి అమెరికా దాకా వెళ్ళిపోతారు. వాళ్ళలో కొందరికి డెబిట్ ఏదో క్రెడిట్ ఏదో చెప్పి పంపడం నా వంతు. కాపురం పంజగుట్టలో, ద్వారకాపురి కాలనీ వైపు, ఇరవై వాటాల అపార్ట్‌మెంటులో.

2018 సెప్టెంబరులో ఎల్బీనగర్ మెట్రో వచ్చి అమీర్‌పేటలో కలిశాక నా ప్రయాణం ఒక్క స్టేషనుకి తగ్గింది. పంజగుట్టలో ఎక్కడం, అమీర్‌పేటలో దిగడం. మధ్యలో రెండుసార్లు తుమ్మడానిక్కూడా వ్యవధి వుండదు. ఆ వ్యవధిలో నేను నిద్రపోయాను. 2021 డిసెంబరులో ఒక పొద్దున్న, సీటు దొరికింది గదా అని కూర్చున్నాను. ఎవరో భుజం తట్టి, "సార్, లాస్ట్ స్టేషన్" అన్నారు. కళ్ళు తెరిస్తే మియాపూర్. క్లాసుకి గంట ఆలస్యంగా వెళ్ళాను. ఆ రోజు చెప్పాల్సిన పాఠం తరుగుదల.

పిల్లలు నాకు కుంభకర్ణుడని పేరు పెట్టారని తరవాత తెలిసింది. పాపం, కుంభకర్ణుడిది శాపం. పైగా లేచిన ఆ కాస్త సేపట్లోనే, నువ్వు చేసింది తప్పు అని అన్నగారి మొహం మీద చెప్పినవాడాయన. ఏడాది పొడుగునా మేలుకుని కూర్చున్న కొలువులో ఆ మాట అనగలిగినవాళ్ళు ఎంతమంది? అదలా వుంచండి.

ఇక తలనొప్పి. పొద్దున్న కళ్ళు తెరిచేసరికి రెండు కణతలూ పట్టకారుతో నొక్కినట్టుండేది. కాఫీతో కొంచెం, స్నానంతో కొంచెం తగ్గి, పదింటికల్లా తనంతట తనే పోయేది. మర్నాడు పొద్దున్న మళ్ళీ హాజరు. కళ్ళద్దాలు రెండుసార్లు మార్పించాను. పైత్యమన్నారు, అల్లం రసం తాగాను. అమృతాంజనం సీసాలకి సీసాలు ఖర్చయింది. 1893లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు బొంబాయిలో ఆ మందు మొదలుపెట్టి, ఆ సొమ్ముతో ఆంధ్రపత్రిక నడిపారు కనక, ఎంతో కొంత భాషాసేవ చేస్తున్నాననుకుని రాసుకునేవాణ్ణి. నొప్పి మొదలు నుదుటి మీద లేదనీ, ఊపిరిలో వుందనీ నాకేం తెలుసు?

తెలిసిన మనిషి ఇంట్లోనే వుంది. మా ఆవిడ పదేళ్ళుగా చెబుతూనే వుంది. "ఏమండీ, మీరు గురక పెడితే నాకు భయం లేదు. ఆపితేనే భయం" అనేది. గురక సాగి సాగి హఠాత్తుగా ఆగిపోతుందిట. ఆవిడ చీకట్లో లెక్కపెట్టేదిట, పది, పదిహేను, ఇరవై అని. తరవాత నేను నీళ్ళలో మునిగినవాడు పైకి తేలినట్టు గుటక వేసి, ఒక్క పెద్ద గురకతో మళ్ళీ మొదలుపెట్టేవాణ్ణిట. అప్పుడావిడ దుప్పటి కప్పుకునేదిట. ఈ 'ట'లన్నీ గమనించారా? నా జీవితంలో మూడోవంతు నాకు వినికిడి మీదే తెలుసు.

2021లో కరోనా రెండో విడత పోతూ పోతూ చాలా ఇళ్ళల్లో ఒక పల్స్ ఆక్సీమీటరు వదిలిపోయింది. ఒక రాత్రి మా ఆవిడ దాన్ని తెచ్చి నిద్రలో నా వేలికి తగిలించింది. మొదట 96 చూపించినది, ఊపిరి ఆగిన కాసేపటికి 81కి దిగిందిట. పొద్దున్న చెబితే, "బ్యాటరీ అయిపోయి వుంటుందిలే" అన్నాను. ఆవిడ మాట్లాడకుండా తన వేలికి పెట్టుకుని చూపించింది. 98. బ్యాటరీ దివ్యంగా వుంది.

అయినా కదల్లేదు. 2022 ఫిబ్రవరి 15 రాత్రి ముంబయిలో బప్పీ లహరి పోయారు. సింహాసనం, గ్యాంగ్ లీడర్ సినిమాల సంగీతంతో మన కుర్రకారు చేత గెంతులు వేయించిన మనిషి. వయసు 69. ఇతర అనారోగ్యాలూ వున్నాయి గాని, వైద్యులు చెప్పిన కారణం అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో గొంతు దారి మూసుకుపోయి ఊపిరి ఆగుతూ వుండే జబ్బు. మా ఆవిడ పేపరు నా ముందు పెట్టి, ఆ ముక్క మీద వేలు పెట్టి వూరుకుంది. ఏమీ అనలేదు. గురక విషయంలో ఆవిడకి ఎలాగో, ఆవిడ విషయంలో నాకూ అలాగే. ఆగితేనే భయం. వెళ్ళాను.

నిద్ర పరీక్ష చిత్రమైన పరీక్ష. తలకీ, రొమ్ముకీ, కాళ్ళకీ తీగలు అతికించి, ముక్కులో సన్నగొట్టం పెట్టి, "ఇంక హాయిగా పడుకోండి" అన్నారు. రిపోర్టులో గంటకి 41 అని వచ్చింది. పది సెకన్లో ఆ పైనో ఊపిరి ఆగినా, బాగా సన్నగిల్లినా ఒకటిగా లెక్కవేస్తారు. గంటకి 5 దాటితే జబ్బు, 30 దాటితే తీవ్రం. అకౌంట్లవాణ్ణి కదా, ఆరు గంటల నిద్రకి లెక్క కట్టాను. 246. డాక్టరుగారు ఓపిగ్గా చెప్పారు. నిద్రలో గొంతు కండరాలు వదులవుతాయి. నాలుక వెనక్కి జారుతుంది. దారి మూసుకుంటుంది. రక్తంలో ప్రాణవాయువు తగ్గి, బొగ్గుపులుసు వాయువు పెరుగుతుంది. మెదడు కంగారుపడి మనిషిని రవ్వంత లేపుతుంది. గొంతు బిగిసి దారి తెరుచుకుంటుంది. తాను లేచినట్టు మనిషికే తెలియదు. పొద్దుటి తలనొప్పికి కూడా ఈ వాయువుల తారుమారే కారణం కావచ్చునన్నారు. "మీరు ఎనిమిది గంటలు పడుకుంటున్నారుగాని నిద్రపోవడం లేదండీ" అన్నారు. ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అన్నారు పెద్దలు. నా నిద్ర నిద్రనే ఎరగదు.

దీనికి మందు గాలి. 1980లో సిడ్నీలో కాలిన్ సల్లివన్ అనే వైద్యుడు, ఇల్లు శుభ్రం చేసే వాక్యూమ్ క్లీనర్ మోటారు చేత గాలి పీల్చించే బదులు వూదించి, ఆ గాలిని గొట్టం ద్వారా రోగి ముక్కులోకి పంపాడు. గాలి ఒత్తిడికి గొంతు మూసుకోకుండా నిలబడింది. మర్నాటి ఏడాది లాన్సెట్ పత్రికలో ఆ సంగతి ప్రకటించాడు. అంతకుముందు జబ్బు మరీ ముదిరినవాళ్ళకి మెడ ముందు కన్నం చేసి గొట్టం అమర్చేవారు. ఇప్పుడు దాన్ని సీప్యాప్ మిషన్ అంటున్నారు. నాది 42 వేలయింది. ఊరికే దొరికే వస్తువుకి ఉపమానం చెప్పాలంటే గాలి అనేవాళ్ళం.

మిషన్‌తో కాపురం మొదట్లో సుఖంగా లేదు. మాస్కు పెట్టుకుని పడుకుంటే మా మనవడు "తాతయ్య ఏనుగు" అని చప్పట్లు కొట్టాడు. గాలి పక్కల్నించి కారి కళ్ళల్లోకి కొట్టేది. కారకుండా పట్టీలు బిగించాను. దాంతో కొత్త తలనొప్పి. పాతది కణతల్లో, ఇది పట్టీ వెంబడే. తలనొప్పి పోగొట్టడానికి పెట్టుకున్నది తలనొప్పి తెస్తోందేమిటని గొడవ పెట్టుకుంటే, మాస్కు సైజు మార్చి, పట్టీ కింద వేళ్ళు దూరేటట్టు వదులు చేశారు. వానాకాలం రాత్రి కరెంటు పోతే మిషన్ ఆగిపోతుంది. అలా ఆగినప్పుడు నాకంటె ముందు మా ఆవిడకి మెలకువ వస్తుంది. అలవాటు. ఊర్మిళ నిద్రపోతే లక్ష్మణుడు మేలుకున్నాడంటారు. మా ఇంట్లో వేషాలు తారుమారు, అంతే.

రెండు వారాలయ్యాక ఒక పొద్దున్న లేచి, మంచం మీద కూర్చుని, ఏదో వస్తువు పోయినట్టు వెతుక్కున్నాను. తలనొప్పి లేదు! కిటికీలోంచి కాకి అరుపు కూడా శ్రావ్యంగా వుంది. మా ఆవిడ కాఫీ ఇస్తూ యథాలాపంగా ఒక మాట అంది.

"పాపం, ఆ పాత వాచ్‌మన్ కూడా పొద్దున్నే తలకి తువ్వాలు బిగించి కట్టుకునేవాడండీ."

నా ధర్మసందేహం అక్కడ మొదలైంది.

2019లో నేను మా అపార్ట్‌మెంటు అసోసియేషన్‌కి కార్యదర్శిని. అప్పటి వాచ్‌మన్ పాలమూరు జిల్లా మనిషి. యాభై ఏళ్ళుంటాయి. భారీ శరీరం, పొట్టి మెడ. రాత్రి గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని గురకపెడితే మూడో అంతస్తుకి వినపడేది. ఫిర్యాదులొచ్చాయి. ఒక రాత్రి రెండింటికి నేనూ ఇంకో ఇద్దరు పెద్దమనుషులూ మెట్లు దిగి వెళ్ళి, ఆయన నోరు తెరుచుకుని నిద్రపోతూ వుండగా సెల్‌ఫోనులో వీడియో తీశాం. గ్రూపులో పెట్టాం. అందరూ నవ్వు బొమ్మలు పంపారు. ఆదివారం మీటింగులో, పని చేసేటప్పుడు నిద్రపోతున్నందున తొలగించడమైనది అని తీర్మానం చదివినవాణ్ణి నేనే. ఆయన ఒక్క మాటన్నాడు. "నేను మేల్కొనే ఉన్న అనుకుంట సార్. నాకే తెల్వకుంట కన్ను పడుతది." మేము నవ్వాం. నిద్రపోయినవాడికి నిద్రపోయినట్టు తెలియకపోవడమేమిటని!

ఆ సాయంత్రం మా ఆవిడ, "మీరూ అంతేగా" అంది. "నేను ఇంట్లో పడుకుంటాను. వాడు డ్యూటీలో పడుకుంటాడు. తేడా లేదూ?" అన్నాను. మర్నాడు భార్యాభర్తలిద్దరూ మూటలు కట్టుకుని ఆటోలో వెళ్ళిపోయారు.

దశరథుడు చీకట్లో కుండ మునిగే చప్పుడు విని, ఏనుగు నీళ్ళు తాగుతోందనుకుని బాణం వేశాడు. మునికుమారుడికి తగిలింది. తెలిసి చేసిందా? కాదు. అయినా ఆ పాపం ఆయన్ని వదల్లేదు. నేనూ చప్పుడే విన్నాను. ఒళ్ళు బద్ధకం అనుకున్నాను. వేసేశాను. ఇక్కడ దశరథుడు నాకంటె చాలా మెరుగు. బాణం తగిలిన చోటికి వెంటనే పరుగెత్తి వెళ్ళి చూశాడు. ఆ కుండతోనే నీళ్ళు పట్టుకుని, గుడ్డివాళ్ళయిన తల్లిదండ్రుల దగ్గరికి స్వయంగా వెళ్ళి, చంపింది నేనేనని చెప్పాడు. నేను మూడేళ్ళు ఆగాను. అదీ నా ముక్కుకి గొట్టం తగిలాక.

మా సెంటర్లో ఇంగ్లీషు చెప్పే మిత్రుడొకాయన వున్నాడు. ఆయనతో ఈ గోడు చెప్పుకుంటే కొట్టిపారేశాడు. "వాచ్‌మన్ అంటేనే మేలుకునేవాడు. మేలుకోలేనివాణ్ణి తీసేస్తే అన్యాయమెలా అవుతుందయ్యా? జబ్బుంటే జాలిపడు. అంతేగాని బస్సు డ్రైవరు నిద్రపోతే, పాపం జబ్బని వూరుకుంటావా?" అన్నాడు. వూరుకోను. ఆ మాట నిజమే. ఈ జబ్బున్నవాడు వైద్యం చేయించుకోకుండా బస్సు నడిపితే నలభైమంది ప్రాణాలు పోవచ్చు. దింపాల్సిందే. కాని నన్ను ఎవరు దింపారు? అదే ఏడాది నేను బోర్డు ముందు సుద్దముక్క పట్టుకుని నిలబడి కునికాను. పిల్లలు నవ్వారు. ఒకడు పరుగున పోయి టీ తెచ్చాడు. మేనేజరుగారు పక్కకి పిలిచి, "షుగరు చూపించుకోండి సార్" అన్నారు. ఆ వాచ్‌మన్‌ని షుగరు చూపించుకోమని ఇరవై వాటాల్లో ఒక్కరం అనలేదు.

డికెన్స్ పిక్విక్ పేపర్స్ నవల 1836, 37లలో భాగాలుగా వచ్చింది. అందులో జో అని ఒక లావుపాటి కుర్రాడున్నాడు. పనివాడు. ఎక్కడ నిలబెడితే అక్కడ నిద్రపోతాడు. అందరూ కేకలేస్తారు, పాఠకులు నవ్వుతారు. నూట ఇరవై ఏళ్ళ తరవాత 1956లో అమెరికా వైద్యులు కొందరు, మా జబ్బుకి దగ్గరి చుట్టమైన ఇంకో జబ్బుని వర్ణిస్తూ, ఆ కుర్రాణ్ణి గుర్తు చేసుకుని దానికి పిక్విక్ పేరు పెట్టారు. నిద్రపోయినవాడు జో. పిక్విక్ ఆ కథలో డబ్బున్న పెద్దమనిషి. ఆయనకి ఆ జబ్బు లేనే లేదు. పేరు మాత్రం ఆయనకి దక్కింది.

ఇంతవరకూ నాకు స్పష్టంగానే వుంది. చిక్కు తరవాత వచ్చింది. అసలు ఆయనకి ఈ జబ్బు వుందని నాకెలా తెలుసు? గురక, తువ్వాలు, పొట్టి మెడ చూసి నేను చీటీ రాసేస్తే మళ్ళీ శబ్దం విని బాణం వేసినట్టే. ఎయిమ్స్ వైద్యులు 2023లో వేసిన అంచనా ప్రకారం మన దేశంలో ఈ జబ్బున్నవారు పదికోట్ల పైమాటే. ఆయన వాళ్ళలో ఒకడు కావచ్చు, కాకపోవచ్చు. ఒట్టి అలసట కావచ్చు. తెల్లవారకముందే మోటారు వెయ్యాలి. పద్దెనిమిది కార్లు తుడవాలి. పాల పాకెట్లు, కొరియర్లు, మెట్లు కడగడం, గ్యాస్ బండలు. మధ్యాహ్నం కన్ను మూస్తే ఎవరో ఒకరు బాల్కనీలోంచి కేక. అర్ధరాత్రి ఒంటిగంటకీ రెండింటికీ కంపెనీల నుంచి వచ్చేవాళ్ళకి గేటు తియ్యాలి. జీతం 9,000. ఆ పద్దు రాసేవాణ్ణి నేనే. ఎన్ని గంటలకి అనే గడి మా పుస్తకంలో లేదు.

కనక ఆయనది జబ్బయితే తప్పు నాది. అలసటయితే మరీ నాది. నాకు 41 అని అచ్చువేసిన కాగితం వుంది గనక నా కునుకు జబ్బయింది. కాగితం లేనివాడి కునుకు నేరమయింది. మరి కాగితం చూపిస్తేగాని మనిషిని నమ్మకూడదా? మా ఆవిడకి ఏ కాగితం వుందని పదేళ్ళు చీకట్లో అంకెలు లెక్కపెట్టింది? ఆవిడకి అవసరంలేని రుజువు నాకెందుకు కావాల్సొచ్చింది? ఇదీ నా సందేహం. ద్వారకాపురి బాబా గుడి అరుగు మీద కూర్చుని కూడా ఆలోచించాను. తెగలేదు.

చివరికి మా వీధిలో ఇస్త్రీ బండి అతని దగ్గర ఫోన్ నంబరు దొరికింది. ఆయన మియాపూర్ దగ్గర ఒక అపార్ట్‌మెంటులో వాచ్‌మన్‌గా వున్నాడట. ఒక ఆదివారం పంజగుట్టలో మెట్రో ఎక్కాను. ఈసారి సీటు దొరికినా కూర్చోలేదు.

గేటు దగ్గర అదే తరహా ప్లాస్టిక్ కుర్చీ. నన్ను చూసి గభాల్న లేచి నిలబడ్డాడు. కుర్చీ నాకు వేశాడు. నేను చెప్పదలచుకున్నదంతా వరస తప్పి చెప్పాను. గురక, ఊపిరి ఆగడం, గంటకి 41, మిషన్. ఫోనులో మాస్కుతో నా ఫొటో కూడా చూపించాను. నవ్వాడు. అది న్యాయమే. నేనాయన వీడియో ఇరవైమందికి చూపించాను.

"అయితే నాది కూడ బీమారేనా సార్?"

"తెలీదు. చూపించుకోవాలి. పొద్దున్న తలనొప్పి ఇంకా వుందా?"

"ఉంటది సార్. చాయ తాగి పని జేస్తుంటే పోతది."

పంజగుట్టలో నిమ్స్‌లో ఊపిరితిత్తుల డాక్టర్లున్నారు, నేను తోడు వస్తాను, ఖర్చు సంగతి నేను చూసుకుంటానన్నాను. కాసేపు ఆలోచించాడు. "ఓపీకి పొద్దుగాల్నే లైన్ల నిలబడాలె గద సార్. గీ గేటు కాడ ఎవరుంటరు?" అన్నాడు. "నేను సెలవు పెట్టి కూర్చుంటాను" అన్నాను. మళ్ళీ నవ్వాడు. "ఇది మీ గేటు కాదు సార్. వీళ్ళు ఒప్పుకోరు. చూద్దాం తియ్యిండ్రి." ఆనాడు నేను చేసింది తప్పేనని అన్నాను. ఆయన ఇబ్బందిపడి అటూ ఇటూ చూశాడు. "పోనియ్యిండ్రి సార్" అని లోపలికి కేకేసి టీ తెప్పించాడు.

గ్లాసు కింద పెట్టి లేస్తూ వుంటే, "సార్, ఒక మాట అడగాల్నా?" అన్నాడు. "నా సైకిల్ మీ సెల్లార్లనే ఉండిపాయె. అప్పుడు ఆటోల పట్టలే. మళ్ళొచ్చి అడగనీకి సిగ్గయింది."

ఇంటికొచ్చి సెల్లార్‌లో వెతికాను. జనరేటరు వెనకాల గోడకి ఆనించి వుంది. రెండు టైర్లలోనూ గాలి లేదు. హ్యాండిల్‌కి ఎవరో తడిగుడ్డలు ఆరేశారు. అనుమానం వచ్చి, పైకి వెళ్ళి అసోసియేషన్ ఆస్తుల జాబితా తీసి చూశాను. నా దస్తూరీయే. నిచ్చెన 1, ఇనప బకెట్లు 2, పాత సైకిలు 1.

ఆ పద్దు కొట్టేసి పక్కన సంతకం పెట్టాను. ట్రాలీ ఆటో అతను మియాపూర్‌కి ఏడు వందలు అడిగాడు. నేను బేరానికి దిగబోతుంటే మా ఆవిడ బాల్కనీలోంచి, "ఏమండీ, అడిగినంత ఇచ్చెయ్యండి" అని కేకేసింది.